పొగగొట్టాల వీధి, బదులు పాడేవాళ్లు

పోయిన నెల ఈ పేజీలో ఒక వీధి ఫొటో వేశాము. ఇంగ్లాండులో సోమర్‌సెట్ కౌంటీ, వెల్స్ పట్టణం. బిషప్ పీఠం ఉన్న అక్కడి పెద్ద చర్చి, అంటే కెథడ్రల్‌కు ఉత్తరంగా ఉన్న వికర్స్ క్లోజ్ అనే వీధి. రెండు వైపులా గోడకు గోడ ఆనించి కట్టిన రాతి ఇళ్లు, వాటి ముందు వరసగా ఆకాశంలోకి లేచిన పొగగొట్టాలు. ఫొటో కింద నేను రాసింది నాలుగు వాక్యాలే. వాటికి వచ్చిన ఉత్తరాలు మాత్రం నా బల్ల మీద జానెడు ఎత్తు పేరుకున్నాయి. స్లాబు బీటల గురించీ మెట్ల కొలతల గురించీ రాసినవారు ఒక నెల ఓపిక పట్టాలి.

ముందుగా నా తప్పు. "నలభై ఇళ్లు" అని రాశాను. ఒక లెక్కల మాస్టారు పోస్టుకార్డు పంపారు: "రెండు వైపులా సమానంగా ఉంటాయని మీరే అనుకున్నారా, ఎవరైనా చెప్పారా?" నేనే అనుకున్నాను మాస్టారూ. ముప్పై ఏళ్లు డ్రాయింగు పాఠాలు చెప్పి, "లెక్కపెట్టకుండా గీత గీయవద్దు" అని పిల్లల చెవులు మెలిపెట్టిన నేనే. మొదట కట్టినవి 42 ఇళ్లు. తూర్పు వరుసలో 22, పడమటి వరుసలో 20. ఇప్పుడు 27. మధ్యలో ఏమైందో కింద వస్తుంది.

ప్రశ్న: వికర్ అంటే చర్చి ఫాదరే కదా. ఒక్క చర్చికి 42 మంది ఎందుకు? వాళ్లకు ఇళ్లు ఎవరు కట్టించారు?

ఆ మాటకు లాటిన్‌లో అసలు అర్థం 'బదులు మనిషి'. కెథడ్రల్‌లో పగలూ రాత్రీ వేళ ప్రకారం ప్రార్థనలు పాడాలి. పాడవలసినవారు కానన్లు, అంటే కెథడ్రల్ ఆస్తి మీద ఆదాయం హక్కుగా ఉన్న పెద్ద మతాధికారులు. వాళ్లలో చాలామంది ఊళ్లో ఉండేవారు కారు. కొందరు రాజు కొలువులో, కొందరు వేరే పదవుల్లో. ప్రార్థన ఆగకూడదు కదా, అందుకని తమ బదులు పాడే మనిషిని జీతమిచ్చి పెట్టుకునేవారు. ఆ బదులు గాయకులే వికర్స్ కోరల్. పదవి ఒకరిది, గొంతు ఇంకొకరిది.

ఈ గాయకులు మొదట్లో ఊరంతా చెదిరి, అద్దె గదుల్లో ఉండేవారు. పెళ్లి లేదు, ఇల్లు లేదు, చేతిలో కొద్దిపాటి జీతం, చుట్టూ సారాయి దుకాణాలున్న సంత ఊరు. అర్ధరాత్రి ప్రార్థనకు ఎంతమంది నిద్ర లేచి వస్తారో మీరే ఊహించుకోండి. 1329 నుంచి 1363 వరకు బిషప్‌గా ఉన్న రాల్ఫ్ ఆఫ్ ష్రూస్‌బరీ దీనికి మందు కనిపెట్టాడు. 1348లో వీళ్లందరినీ ఒక సంఘంగా కట్టి, ఒకే ఆవరణలో భోజనశాల, ఇళ్లు ఏర్పాటు చేశాడు. భోజనశాలలో ఈ సంగతి చెప్పే పాత వర్ణచిత్రం ఒకటి ఉంది: సింహాసనం మీద బిషప్, ఎదుట మోకరిల్లిన గాయకులు. "ఊరి వీధుల్లో చెదిరి ఉన్నాం, మేమంతా ఒక్కచోట ఉండేలా ఇళ్లు ఇప్పించండి తండ్రీ" అన్న అర్థం వచ్చే లాటిన్ పద్యం వాళ్ల తరఫున రాసి ఉంటుంది. అర్జీ పెట్టుకున్నట్టు గీశారు గానీ, ఆ కోరిక వాళ్లకంటే బిషప్‌కే ఎక్కువ ఉండి ఉంటుందని నా అనుమానం.

ఆ 1348 అన్న సంవత్సరం మీద ఒక్క క్షణం ఆగాలి. ఇంగ్లాండులోకి మహామారి ప్లేగు అడుగు పెట్టిన ఏడాది అది. పక్కనున్న డోర్సెట్ తీరంలో దిగి, సోమర్‌సెట్‌ను ముంచెత్తింది. పాదిరీలు ఎంతమంది పోయారంటే, చావు ముందు పాపం చెప్పుకోవడానికి పాదిరీ దొరకకపోతే మామూలు మనిషికైనా చెప్పుకోవచ్చు, మగవాళ్లు లేకపోతే స్త్రీకైనా చెప్పుకోవచ్చు అని 1349 జనవరిలో ఇదే రాల్ఫ్ బిషప్ తన ప్రాంతమంతటికీ ఉత్తరం రాశాడు. ఒక చేత్తో ఆ ఉత్తరం, ఇంకో చేత్తో ఇళ్ల పని. కొన్ని ఇళ్లు 1363 నాటికి లేచాయి. మిగతావి పూర్తయ్యేసరికి 1412 వచ్చింది. ఫొటోలో ఒక్క ఊపున కట్టినట్టు కనిపించే వీధి వెనక అరవై ఏళ్లకు పైగా పని ఉంది.

ప్రశ్న: లోపల ఇల్లు ఎలా ఉండేది? వంట ఎక్కడ? (ఇదే ప్రశ్న పదకొండు ఉత్తరాల్లో ఉంది. పదకొండూ ఆడవాళ్లు రాసినవే.)

కింద ఒక గది, పైన ఒక గది. అంతే. ఒక్కో గది సుమారు 20 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు. చదరపు అడుగుల్లో కింద 260, పైన 260. రెండు గదులకూ ముందు గోడలో చలిమంట గూడు, అంటే ఫైర్‌ప్లేస్. వెనక ఒక తలుపు. దాని అవతల ఒక్కో ఇంటికీ విడిగా మరుగుదొడ్డి ఉండి ఉండవచ్చు.

ఒక ఒంటరి మనిషికి, అదీ 14వ శతాబ్దంలో, ఇది తక్కువ సౌకర్యమేమీ కాదు. రెండు గదులు, రెండు మంటలు, తనకంటూ ఒక తలుపు. ఆ రోజుల్లో సగటు మనిషి పొగ నిండిన ఒకే గదిలో ఇంటిల్లిపాదితో కలిసి పడుకునేవాడు. బిషప్ ఉచ్చు పన్నాడనుకుంటే, అందులో పెట్టిన ఎర మాత్రం మేలైనదే.

ఇప్పుడు వంట సంగతి. ఇంట్లో వంట లేదు. ఉండకూడదనే ఏర్పాటు. వీధికి దక్షిణపు కొసన, కమాను గేటు మీద, మొదటి అంతస్తులో పెద్ద భోజనశాల ఉంది. దానికి ఆనుకునే వంటశాల. అందరూ అక్కడే కలిసి తినాలి. ఈ భోజనశాల 1348 నాటికే పూర్తయింది. ఇళ్లకంటే ముందు. ఇది నేను తరగతిలో ఎప్పుడూ చెప్పే ఉదాహరణ: ఒక కట్టడం కట్టించినవాడి మనసు తెలుసుకోవాలంటే అతను ఏది ముందు కట్టించాడో చూడండి. రాల్ఫ్‌కు కావలసింది ఇళ్లు కాదు, ఒక్క బల్ల దగ్గర కూర్చునే మనుషులు. ఆ బల్ల మీదికి పైకప్పు వచ్చాక ఇళ్లు మెల్లగా వచ్చాయి. తినేటప్పుడు కబుర్లు చెప్పుకోకుండా ఒకరు మతగ్రంథం చదివేందుకు చలిమంట పక్కన గోడలోనే చిన్న వేదిక తర్వాతి కాలంలో అమర్చారు. నేను చూసినప్పుడు నాకు మొదట తోచింది ఏమిటంటే, చదివేవాడికి వెచ్చగా ఉంటుంది, అన్నం మాత్రం చల్లారిపోతుంది.

గేటు కింద, హాలు పైన. వచ్చేవాడు, పోయేవాడు, ఆలస్యంగా తిరిగొచ్చేవాడు, అందరూ ఆ హాలు కిందుగానే నడవాలి. కాపలాదారు లేకపోయినా కాపలా ఉన్నట్టే.

ప్రశ్న: వీధి చివరికి సన్నబడుతుందని రాశారు. అది కావాలని చేసిన కనికట్టా, కొలతల్లో పొరపాటా? మా ప్రొఫెసరు పొరపాటే అంటున్నారు. (ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరం విద్యార్థి)

మీ ప్రొఫెసరుగారు నా దగ్గర చదువుకున్నవారు కాదు కదా? అయితే మొహమాటం లేకుండా చెబుతాను.

వీధి పొడవు సుమారు 460 అడుగులు, అంటే 140 మీటర్లు. ఆ పొడవులో రెండు వరుసల మధ్య దూరం దాదాపు 10 అడుగులు తగ్గిపోతుంది. గేటు దగ్గర వెడల్పు, ఉత్తరాన చాపెల్ (చిన్న ప్రార్థనాలయం) దగ్గర ఇరుకు. కంటికి ఒక అలవాటుంది: సమాంతర గీతలు దూరం పోయేకొద్దీ దగ్గరవుతున్నట్టు కనిపిస్తాయి, ఎంత దగ్గరైతే అంత దూరమని మెదడు లెక్కకడుతుంది. నిజంగానే దగ్గర చేసి కడితే ఆ లెక్క తప్పుతుంది. ఉన్నదానికంటే పొడవైన వీధి అనిపిస్తుంది. దానికి తోడు గేటు వైపున పెద్ద హాలు, అవతలి కొసన చిన్న చాపెల్. చిన్నది కనుక ఇంకా దూరంగా తోస్తుంది.

చాపెల్ దగ్గర నిలబడి వెనక్కి తిరిగితే ఇదంతా తలకిందులవుతుంది. వీధి విచ్చుకుంటూ వచ్చి, హాలు చేయి చాస్తే అందేలా కనబడుతుంది.

నేను ఏప్రిల్ నెలలో, సన్నటి జల్లులో, అడుగులు లెక్కపెడుతూ నడిచాను. తెలుగులో అడుగు అంటే కొలతా, నడకా రెండూ కనుక ఇక్కడ కాస్త జాగ్రత్తగా చదవండి: నా అడుగు రెండుంపావు అడుగులు. ఆ లెక్కన 204 అడుగులు వేయాలి. 211 పడ్డాయి. తడిసిన రాతి పలకల మీద జారతానని భయపడి అడుగు కుదించాను. పోయేటప్పుడు ఇంకా రాలేదేమిటి అనిపించింది. తిరిగి వచ్చేటప్పుడు అప్పుడే అయిపోయిందా అనిపించింది. నాతో వచ్చిన స్నేహితురాలు మాత్రం "పోయేటప్పుడు ఆకలితో ఉన్నావు, అందుకే" అని కొట్టిపారేసింది.

ఇక కావాలని చేశారా అన్న మాట. దూరాన్ని గణితంతో గీసే పద్ధతిని ఇటలీలోని ఫ్లోరెన్సులో బ్రునెలెస్కీ అనే వాస్తుశిల్పి చూపించింది 15వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో. ఈ వీధి అప్పటికే కట్టేశారు. కాబట్టి పుస్తకం చూసి చేసిన పని కాదు. అయితే ఇదే ఊళ్లో, ఇదే కాలంలో ఏం జరుగుతున్నదో చూడండి. కెథడ్రల్ మధ్య గోపురం బరువుకు కుంగుతుంటే, 1338 నుంచి 1348 మధ్య దాని కింద కత్తెర ఆకారంలో, తలకిందులుగా ఒకదాని మీద ఒకటి నిలబెట్టిన కమానులు కట్టి ఆపారు. ఆ మేస్త్రీలు బరువునూ చూపునూ కలిపి ఆలోచించగలిగినవాళ్లు. అలాంటి పనివాళ్లున్న ఊళ్లో తాడు పట్టి హద్దు వేసేటప్పుడు 10 అడుగులు కంటపడకుండా పోయాయంటే నేను నమ్మను. ఒక అడుగైతే పొరపాటు. పది అడుగులు నిర్ణయం. మీ ప్రొఫెసరుగారికి ఈ పేజీ చూపించండి. మార్కులు పోతే నా పూచీ లేదు.

ప్రశ్న: పొగగొట్టాలు ఇంటి ముందు ఎందుకు? అంత ఎత్తు ఎందుకు? వాటి మీద ఏవో బొమ్మలున్నట్టున్నాయి.

ఈ వీధిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఇవే, కనుక కొంచెం సాగదీస్తాను.

ముందు ఎందుకంటే, చలిమంట గూళ్లు ముందు గోడలో ఉన్నాయి కనుక. గోడకు బయట ఒక రాతి స్తంభంలా నేల నుంచి లేచి, పైగదిని దాటి, చూరును చీల్చుకుని పైకి పోతుంది. మామూలుగా ఇల్లు కట్టేవాడు పొగగొట్టాన్ని వెనక్కో, పక్క గోడలోకో దాస్తాడు. ఇక్కడ దాన్నే ముఖం చేశారు. ఇళ్లు చూడండి, వెడల్పు ఎత్తుల్లో ఒక్కటే, విడిగా తీస్తే ఏ ఇంటికీ చెప్పుకోదగ్గ అందం లేదు. సుమారు ఇరవై అడుగులకొకటి చొప్పున నిలబడిన ఈ గొట్టాలే వీధికి తాళం వేస్తున్నాయి. గాయకుల వీధికి తాళం రాతిలో పడింది అని ఒకసారి తరగతిలో అన్నాను. వెనక బెంచీ ఒక్కటే నవ్వింది.

ఎత్తు మాత్రం మొదటి నుంచీ లేదు. 1443 నుంచి 1465 వరకు ఇక్కడ థామస్ బెకింటన్ అనే బిషప్ ఉన్నాడు. వెల్స్‌లో కట్టడాల పిచ్చి పట్టిన మనిషి. ఆయన పోయాక, ఆయన వీలునామా అమలు చేసే బాధ్యత మీద పడినవాళ్లు ఆ సొమ్ముతో ఈ ఇళ్లను బాగుచేయించి, పొగగొట్టాలను ఎనిమిది పలకల స్తంభాలుగా ఎత్తు పెంచారు. ఎత్తు పెరిగితే లాగుడు పెరుగుతుంది. వేడి గాలి నిలువు గొట్టంలో ఎంత పొడవున ఉంటే అంత బలంగా పొగను పైకి గుంజుతుంది. ఎదురు వరుస కప్పులకూ, కిటికీలకూ పైన పొగ వదిలేస్తుంది. రెండు వరుసలు ఎదురెదురుగా, ఇంటికి రెండు మంటల చొప్పున, మొత్తం 84. కురచ గొట్టాలైతే చలికాలం సాయంత్రాల్లో ఆ వీధిలో గొంతు సవరించుకోవడమే పెద్ద పని అయ్యేది. వీళ్ల బతుకు గొంతు మీదే కదా.

బొమ్మలు డాలు ఆకారపు చిహ్నాలు. డబ్బు ఎవరిదో, పని ఎవరు చేయించారో చెప్పే ముద్రలు. బెకింటన్ చిహ్నం ఉంది, వీలునామా పెద్దలవీ ఉన్నాయి. వాళ్లలో ఒకాయన ఇంటిపేరు షుగర్. హ్యూ షుగర్. ఆయన డాలు మీద మూడు చక్కెర దిమ్మలుంటాయి. ఆ రోజుల్లో చక్కెర పొడిగా కాదు, కొన తేలిన గట్టి దిమ్మలుగా దొరికేది. ఇది తెలియకపోతే ఆ బొమ్మలు ఏమిటో అర్థం కాదు, నేను మొదట టోపీలనుకున్నాను. బెకింటన్‌కూ ఇలాంటి సరదా ఉంది. ఆయన పేరును బీకన్, టన్ అని విడగొట్టి, మంట వెలిగే దీపస్తంభం ఒకటి, పీపా ఒకటి కలిపిన బొమ్మను ఊళ్లో తను కట్టించిన వాటి మీద చెక్కించుకున్నాడు. పొడుపుకథలు విప్పే అలవాటున్న మన పాఠకులు వెల్స్ వెళితే మెడ నొప్పి తప్పదు.

ప్రశ్న: గాయకులు రోడ్డు మీద కాలు పెట్టకుండా నేరుగా కెథడ్రల్‌లోకి వెళ్లేవారని ఎక్కడో చదివాను, నిజమేనా?

నిజమే. అదీ బెకింటన్ పనే. 1459లో కట్టించాడు. భోజనశాల నుంచి బయలుదేరి, బయటి రోడ్డు మీదుగా కమానుల మీద పోయే కప్పు ఉన్న వంతెన. పేరు చైన్ గేట్. అవతలి కొస కెథడ్రల్‌లో కానన్లు సమావేశమయ్యే చాప్టర్ హౌస్‌కు పోయే పాత రాతి మెట్ల దగ్గర కలుస్తుంది. ఆ మెట్లు నడిచి నడిచి గిన్నెల్లా అరిగి ఉంటాయి. భోజనం బల్ల నుంచి లేచి, వానలో తడవకుండా, ఊరివాళ్ల ముఖం చూడకుండా, పాడే చోటికి. సౌకర్యమా, నిఘానా అని అడిగితే రెండూ అంటాను. ఈ మొత్తం ఆవరణలో రెండిటినీ విడదీయగలిగిన రాయి నాకు కనబడలేదు.

ప్రశ్న: ఇది మన అగ్రహారం లాంటిదే కదా? రెండు వరుసలు, చివర గుడి. (ముగ్గురు రాశారు)

నక్షా చూస్తే అలాగే అనిపిస్తుంది. కానీ అగ్రహారంలో ఇల్లు కుటుంబానిది, తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. ఇక్కడ ఇల్లు సంఘానిది. వికర్ పోతే ఇంకో వికర్ వస్తాడు, పెళ్లాం పిల్లలు అన్న మాటే లేదు. పైగా వీధి చివర ఉన్నది వాళ్ల సొంత చిన్న చాపెల్ మాత్రమే, 15వ శతాబ్దం మొదటి భాగంలో కట్టినది, పైన గ్రంథాలయం ఉంటుంది. పాడవలసిన పెద్ద కెథడ్రల్ వీధికి రెండో వైపున, గేటు అవతల ఉంది. పోలిక అక్కడితో ఆపుదాం.

ప్రశ్న: 42 ఇళ్లు 27 ఎందుకయ్యాయి? కూలిపోయాయా?

కూలలేదు. పెళ్లిళ్లయ్యాయి.

1549లో, ఆరో ఎడ్వర్డ్ రాజు కాలంలో, ఇంగ్లాండులో మతాధికారులు పెళ్లి చేసుకోవచ్చని చట్టం వచ్చింది. తర్వాత మేరీ రాణి రద్దు చేసింది, ఆమె తర్వాత ఎలిజబెత్ కాలంలో మళ్లీ దారి తెరుచుకుంది. ఒక మనిషికని కొలిచి కట్టిన ఇంట్లోకి భార్య వచ్చింది, పిల్లలు వచ్చారు. 520 చదరపు అడుగులు ఎలా సరిపోతాయి? గాయకుల సంఖ్య కూడా తగ్గుతూ వచ్చింది కనుక పక్క ఇల్లు ఖాళీ. ఉమ్మడి గోడకు కన్నం కొట్టి తలుపు పెట్టుకున్నారు. రెండిళ్లు ఒకటయ్యాయి. వంట కూడా ఇంట్లోకి వచ్చింది. వెనక వైపు గదులు పెరిగాయి. ముందు వైపున మొదట్లో లేని చిన్న గోడలూ తోటలూ అంతకుముందే వచ్చి ఉన్నాయి. అప్పటిదాకా ఇది ఒక మఠం ముంగిలి లాంటి ఖాళీ జాగా. ఇంటికొక గోడ, ఇంటికొక వాకిలి వచ్చాకే వీధి రూపు వచ్చింది.

అక్కడికి వెళ్లినవాళ్లకు నేను చెప్పే ఆట ఒకటుంది. పొగగొట్టాలు లెక్కపెట్టండి, పాత ఇళ్లు ఎన్నో తెలుస్తాయి. తర్వాత వాడుకలో ఉన్న ముందు తలుపులు లెక్కపెట్టండి, ఇప్పటి ఇళ్లు తెలుస్తాయి. అంకెలు అచ్చంగా కలవవు, మధ్యలో మరమ్మతులు చాలా జరిగాయి. కానీ ఆ తేడాలోనే ఉన్నాయి బిషప్ లెక్కలోకి తీసుకోని మనుషులంతా. రాల్ఫ్ గీసిన గీత వంకర పోకుండా ఆ గీత లోపలే కాపురాలు సర్దుకున్నాయి. కట్టడాల చరిత్రలో నాకు ఇంతకంటే ముచ్చటైన సంగతి ఇంకొకటి తెలియదు. ముందు గోడకు ఏమీ కాలేదు, లోపల మాత్రం గోడకో కన్నం.

ప్రశ్న: "ఐరోపాలోకెల్లా పాత వీధి" అని రాశారు. రోమ్‌లో అంతకంటే పాత వీధులు లేవా?

ఉన్నాయి, బాబూ. నేను రాసింది "ఐరోపాలో, కేవలం నివాసాల కోసం ఒకే ప్రణాళికతో కట్టి, పాత ఇళ్లు చెక్కుచెదరకుండా మిగిలిన వీధుల్లో అన్నిటికంటే పాతదని చెప్పుకుంటారు" అని. అచ్చులో చోటు చాలక మొదటి ముక్కా చివరి ముక్కా మిగిలాయి. ఈ "అన్నిటికంటే పాత" బిరుదుల మీద నాకు మోజు లేదు. షరతులు ఎన్ని తగిలిస్తే అన్ని బిరుదులు పుట్టించవచ్చు.

"చెక్కుచెదరకుండా" అన్నదీ కాస్త తగ్గించుకుని వినాలి. కాలం మారేకొద్దీ చాలా ఇళ్లకు పైకి కిందికి జరిపే అద్దాల కిటికీలు వచ్చాయి, తలుపులు మారాయి. ముందు వైపు మొదటి రూపం చూడాలంటే 22వ నంబరు ఇంటి దగ్గర ఆగమంటారు. ఆగండి. కానీ ఆ ఇంటిని 1860లలో బాగుచేసింది విలియం బర్జెస్ అని గుర్తుపెట్టుకోండి. కార్డిఫ్ కోటను రంగులతో, బంగారంతో కలల కోటగా మార్చిన వాస్తుశిల్పి ఈయనే. మధ్యయుగం అంటే ఆయనకు ప్రాణం, ఆ ప్రాణంలో కొంత ఊహ కూడా ఉంది. కాబట్టి 22వ నంబరు ముందు నిలబడినప్పుడు మీరు చూస్తున్నది 14వ శతాబ్దమా, 14వ శతాబ్దం మీద 19వ శతాబ్దపు ప్రేమా? నేను దాని ముందు ఐదు నిమిషాలు నిలబడి, పక్కనున్న, కిటికీలు మార్చేసిన ఇంటి బొమ్మ గీసుకున్నాను. అది తన వయసు దాచుకోలేదు.

ప్రశ్న: ఇప్పుడు అక్కడ ఎవరుంటారు? చూడటానికి టికెట్ ఉందా?

వీధిలో నడవడానికి టికెట్ లేదు. ఇళ్లలోకి మాత్రం తొంగిచూడకండి, మ్యూజియం కాదు. కెథడ్రల్ గాయక బృందంలో పాడే పెద్దవాళ్లను ఇప్పటికీ వికర్స్ కోరల్ అనే పిలుస్తారు. వాళ్లు ఇప్పటికీ ఈ వీధిలోనే ఉంటున్నారు. మిగతా ఇళ్లలో కెథడ్రల్‌కు, అక్కడి సంగీత పాఠశాలకు సంబంధించినవాళ్లు ఉంటారు.

సాయంత్రం ప్రార్థన వేళకు వెళ్లండి. నేను వెళ్లిన రోజు జల్లు ఆగింది. చాపెల్ మెట్ల మీద కూర్చుని బొమ్మకు నీడలు వేస్తున్నాను. మధ్యలో ఒక ఇంటి తలుపు తెరుచుకుని, ముప్పై ఏళ్ల మనిషి ఒకాయన చంకలో సంగీతం కాగితాల ఫైలుతో బయటికి వచ్చాడు. లోపలి నుంచి చిన్నపిల్ల ఏదో అరిచింది. ఆయన వెనక్కి తిరిగి సమాధానం చెప్పి, తోట తలుపు మూసి, గొంతు సవరించుకుంటూ గేటు వైపు నడిచాడు. నేను కూర్చున్న కొస నుంచి చూస్తే నాలుగు అంగల్లో హాలు కిందకు చేరిపోతాడనిపించింది. ఆయన మాత్రం చాలాసేపు నడుస్తూనే ఉన్నాడు.